సోమమ్మ సంచి

“దొంగ దొరికింది.”

సంఘపెద్ద ఏసోబు ఆమె రెక్క వట్టి చర్చి ముందటికి గుంజుకొచ్చిండు.

ఆమె ఎవరో ఎవరికీ తెల్వదు. యాభై ఏండ్లుంటయి. నొసట బొట్టు. చేతిల చిన్న గుడ్డసంచి, దాంట్ల బియ్యం.

అవి పిడికెడు బియ్యం. వంట చేసినప్పుడల్లా ప్రతి ఇంటామె దేవుని పేర ఒక పిడికెడు తీసిపెడ్తది. ఆదివారం తెచ్చి చర్చిల డబ్బాల పోస్తది. లేనోళ్ల కోసం పెట్టిన డబ్బా అది. ఈ మధ్య దానికి కావలి గూడ పెట్టిండ్రు.

“ఏ ఊరు నీది?”

“అమ్రాబాద్ దిక్కు.”

“అంత దూరంకెల్లి మా డబ్బా కోసమే వచ్చినవా?”

నలుగురు నవ్విండ్రు.

“జర ఇడువు అన్నా. ఇంటికాడ మనిషి పానం మీదున్నది. నాలుగు దినాలసంది ఏం ముడ్తలేదు. గీ బియ్యం గంజి అయితే తాగుతనన్నది. పొద్దెక్కితే ఉంటదో, ఉండదో.”

“దుకాన్ల బియ్యం దొరకలేదా?”

“ఇంట్లనే సంచెడున్నయి. అవి వద్దంటది. అందరి చేతులు పడ్డ బియ్యమే గావాలంటది.”

“మంచి కథనే. ఎవరామె? పేరు చెప్పు, ఇస్తం.”

ఆమె సంచిని ఎదకు అదుముకున్నది.

“చెప్పనని ఒట్టేసిన. ‘పేరు చెప్పి అడిగితే బిచ్చమైతది. నేనే వాళ్లకు యాదికి రావాలె’ అన్నది.”

“పేరు లేని రోగికి మా కాడ బియ్యం లేవు.”

ఏసోబు సంచి గుంజుకొని డబ్బాల కుమ్మరించిండు. ఖాళీ సంచి ఆమె కాళ్ల ముందట పడేసిండు.

ఆమె పొద్దు దిక్కు చూసింది. సంచి గూడ తీసుకోలే. కాలువ కట్ట మీద ఉరికింది.

లోపల రెండో పాట ఎత్తుకున్నరు.

ఏసోబు భార్య బిక్షమ్మ ఆ సంచి తీసి దులిపింది. ఎర్రదారంతో సిలువ. మూలకు పచ్చదారంతో చిన్న ఆకు.

“ఏమయ్యా, గిది సోమమ్మ సంచి. మనందరి సంచులు కుట్టింది ఆమెనే. ఆకు మాత్రం తన సంచికే పెట్టుకున్నది.”

“ఏ సోమమ్మ?”

“కాలువ అవతలి సోమమ్మ. ముప్పై ఏండ్లు గీ డబ్బాల పోసింది.”

“ఆమె వస్తలేదు గదా. ఆర్నెల్లు చూసి పేరు కొట్టేసినం.”

“ఎందుకు వస్తలేదో పోయి చూసినవా?”

“నువ్వు చూసినవా?”

బిక్షమ్మ డబ్బా మూత తీసింది. సోమమ్మ మొగడు ఎవతెనో కట్టుకొని పోయిన నాడు, ఆమె చేతులు పట్టుకొని ‘ఇగ మేమే నీ ఇంటోళ్లం’ అన్నది తనే. ఆ ఎవతె నాశనం గావాలని శుక్రవారం శుక్రవారం అందరితోటి ఉపవాస ప్రార్థన చేయించింది గూడ తనే.

సంచి నిండ బియ్యం ముంచుకొని ఉరికింది. ఏసోబు ఎనుక ఉరికిండు.

సోమమ్మ ఇంటి తలుపు తీసే ఉన్నది. పొయ్యి మీద ఎసరు మసులుతాంది. ఉత్త నీళ్లు.

మంచంల సోమమ్మ. తల ఆ పరాయామె ఒడిల ఉన్నది.

నూనె పెట్టి దువ్విన తల. ఉతికిన చీర. ఎనిమిది నెలలు మంచంల ఉన్న మనిషి ఒంటి మీద ఒక్క పుండు లేదు.

“బియ్యం తెచ్చిన” అన్నది బిక్షమ్మ.

“ఎసరు ఆగింది. మనిషి ఆగలే” అన్నది పరాయామె.

ఏసోబు గడప అవతలనే నిలబడ్డడు. లోపలికి వచ్చే మొఖం లేదు.

“సోమమ్మకు నువ్వు ఏమైతవ్ చెల్లె?” బిక్షమ్మ అడిగింది.

ఆమె సోమమ్మ కండ్లు మెల్లగ మూసింది.

“సవతిని” అన్నది.