మంచి పాదం

"వాడు మన గేటు వైపే వస్తున్నాడు. గడియ పెట్టండి, గడియ పెట్టండి!"

మేడ మెట్ల మీంచే కేకేసింది న్యుంగ్.

ఆమె భర్త తొవాన్ కుంటుకుంటూ వెళ్లి గడియ పెట్టాడు.

హనోయ్‌లో కొత్త సంవత్సరం తొలి పొద్దు. సన్నగా తుంపర పడుతోంది. నిన్నటిదాకా కాలు పెట్టే చోటులేని సందులో ఇవాళ పిట్ట మనిషి లేడు. వీపున బరువైన సంచీతో ఓ యువకుడు మాత్రం ఇళ్ల నంబర్లు చూసుకుంటూ వస్తున్నాడు. గిరజాల జుట్టు. బూట్లనిండా బురద.

"విదేశీయుడిలా ఉన్నాడు. లాడ్జి కోసం తిరుగుతున్నట్టున్నాడు," అన్నాడు తొవాన్.

"ఎవడైతేనేం? ఖాంగ్ గారు రాకుండా ఈ గడప ఎవరూ దాటకూడదు."

పండగనాడు తొలి అడుగు పెట్టినవాణ్ణి బట్టే ఆ ఇంటి ఏడాదంతా నడుస్తుందని నమ్మకం. కిందటి పండగనాడు ఆ గడపలో తొలి అడుగు ఒక తాగుబోతుది. తన ఇల్లనుకుని దూరాడు. ఆ ఏడే తొవాన్ కాలు విరిగింది, నూడుల్స్ అంగడి మూతపడింది, అత్తగారు మంచమెక్కింది.

అందుకే న్యుంగ్ ఈసారి ఖాంగ్ గారిని బతిమాలి ఒప్పించుకుంది. బట్టల మిల్లు యజమాని. ఇద్దరు కొడుకులు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నవాడు. పుట్టిన ఏడు కూడా తొవాన్‌కి కలిసింది.

ఆయన ఇంకా రాలేదు. ఫోనెత్తడం లేదు. న్యుంగ్ పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

యువకుడు సరిగ్గా వాళ్ల గేటు ముందే ఆగాడు. నంబరు చూశాడు. నవ్వాడు. బొటనవేలు నోటి దగ్గర పెట్టి తాగినట్టు చూపించాడు.

"నీళ్లు అడుగుతున్నాడే," అన్నాడు తొవాన్.

"ఇస్తే మన అదృష్టం కూడా వాడి వెంటే పోతుంది! తొలిరోజు నిప్పూ నీళ్లూ ఎవరైనా బయటికిస్తారా?"

ఎదురింటి గేటు బయట, ప్లాస్టిక్ స్టూలు మీద ఫూ ముడుచుకుని కూర్చున్నాడు. హోటల్లో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే సిగరెట్టు కోసం వీధిలోకొచ్చాడు. మళ్లీ లోపలికొస్తే తొలి అడుగు ఆయనదే అవుతుందని భార్య తలుపేసుకుంది.

"ఫూ బాబాయ్, మీకు ఇంగ్లీషు వచ్చుగా. లాడ్జి ఇక్కడ కాదని చెప్పండి."

"చెప్తాలే. నన్నే మా ఇంటిది రానివ్వట్లేదు, వీణ్ణెవరు రానిస్తారు?"

న్యుంగ్ ఊచల్లోంచి యువకుణ్ణి తేరిపార చూసింది. మరోసారి ఖాంగ్ గారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

"బాబాయ్, ఏ ఏడు పుట్టాడో అడగండి."

ఫూ అడిగి, వేళ్లు మడిచి లెక్క చూశాడు. "డ్రాగన్ ఏడు."

న్యుంగ్ ముఖం వెలిగింది. వాళ్ల లెక్కలో ఒక్కో ఏడుకీ ఒక్కో జంతువు పేరు. తొవాన్‌ది కోతి ఏడు. రెండింటికీ చక్కగా కుదురుతుంది.

"మగపిల్లాడు. ముఖం కూడా కళగా ఉంది. పిలిచేద్దామా?" అన్నాడు తొవాన్.

లోపల మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "తడుస్తున్నాడేమోనే. రమ్మనరాదా?"

"ఉండండత్తయ్యా, తొందరపడితే ఎలా? బాబాయ్, తల్లీ తండ్రీ ఉన్నారేమో కనుక్కోండి."

ఆ మాట అడగ్గానే యువకుడి ముఖం వాడిపోయింది. గేటు ఊచ పట్టుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"తల్లి ఉందట. తండ్రి మొన్నమొన్ననే పోయాడట. ఇంకా ఏదో..."

"అమ్మో, చాలు!" న్యుంగ్ చెవులు మూసుకుంది. "మైలలో ఉన్నవాడు పండగ పూట పరాయి గడప తొక్కుతాడా? పంపించెయ్యండి బాబాయ్!"

"వాళ్లకి ఈ పట్టింపులు ఉండవే పిల్లా."

"మనకున్నాయిగా!"

ఫూకి కూడా పొద్దున్నే చావు మాట వినాలని లేదు. రెండు చేతులూ అడ్డంగా ఊపి, పెద్ద రోడ్డు వైపు చూపించాడు. యువకుడు ఇంటి వైపు వేలు చూపిస్తూ మళ్లీ ఏదో చెప్పబోయాడు.

"నో, నో! ఇక్కడ రూముల్లేవు. వెళ్లు," అన్నాడు ఫూ ఇంగ్లీషులో.

న్యుంగ్ మనసు చివుక్కుమంది. లోపలికి పోయి, ఆకులో చుట్టిన పండగ అన్నం ముద్ద తెచ్చి గేటు మీదుగా అందించింది. అతను రెండు చేతులా అందుకుని తల వంచాడు.

"చూడండి, ఎంత మర్యాదో! ఎవరు నేర్పారో పాపం," అంటూనే తలుపు మూసింది.

తర్వాత ఖాంగ్ గారి కారు వచ్చింది. ఆయన గట్టిగా నవ్వుతూ గడప దాటి ఇల్లంతా తిరిగాడు. అందర్నీ దీవించాడు. న్యుంగ్ పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది.

ఖాంగ్ గారిని సాగనంపుతుంటే ఫూ స్టూలు మీంచే అన్నాడు. "ఆ పిల్లాడు సందు మొదట్లోనే నిలబడ్డాడు పిల్లా. ఈయన లోపలికి పోవడం చూసి, అప్పుడు కిరాయి బైకు మాట్లాడుకుని వెళ్లిపోయాడు."

"ఎక్కడికట?"

"నేనడగలేదు."

పేరు కూడా ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగితే న్యుంగ్ ఎత్తింది. ప్రాగ్ నుంచి. తొవాన్ అన్న ఖోయ్ ఏళ్ల కిందట తన తండ్రితో గొడవపడి, ఈ గడప మళ్లీ తొక్కనని వెళ్లిపోయింది ఆ ఊరికే. పెళ్లి చేసుకున్నాడని కూడా ఎవరో చెబితే తెలిసింది. ఏ పండగకైనా అత్తగారు అతని కోసం ఒక గిన్నె వేరే పెట్టిస్తుంది.

"చెల్లెమ్మా, నేను ఖోయ్ స్నేహితుణ్ణి. అమ్మగారెలా ఉన్నారు? తట్టుకున్నారా?"

"ఏం తట్టుకోవాలి?"



"పిల్లాడింకా రాలేదా చెల్లెమ్మా? తను తొక్కనన్న గడపలో ఈ పండగ తొలి అడుగు తన కొడుకుదే కావాలని, పోయేముందు ఖోయ్ వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు."