మూడు పేపర్ల మనిషి

"ఇది లిటరేచర్ రివ్యూ కాదయ్యా. పెళ్లికొచ్చినవాళ్ల లిస్టు!"

గైడు కాగితాల కట్టను బల్ల మీదుగా వెనక్కి తోశాడు. ఇలా తోయడం ఇది నాలుగోసారి.

"ఎవరెవరు వచ్చారో వరసగా రాశావు. ఎవరికి ఎవరితో పడదో, ఎందుకు పడదో రాశావా? ఈ మూడు పేపర్లే చూడు. మూడూ ఒకడే రాశాడు. సున్నం పూసిన గోడ చెమ్మను బయటికి వదిలేస్తుందని మొదటిదాంట్లో అన్నాడు. మూడోదాంట్లో వదలదన్నాడు. నీ థీసిస్ మొత్తం దాని మీదే నిలబడాలి. మాట ఎందుకు మార్చాడో తేల్చమని ఏడు నెలల క్రితమే చెప్పాను. ఈ నెలాఖరుకి తేలకపోతే నీ రిజిస్ట్రేషన్ రద్దు. ఇక నా చేతుల్లో లేదు."

పాత భవనాల గోడల్లోకి ఎగబాకే చెమ్మ మీద అతను ఏడేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. మూడొందల పేపర్లు చదివాడు. ఏది ఎవరు రాశారో, ఏ సంవత్సరంలో రాశారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. భార్య మాత్రం, "మన పిల్ల పుట్టి రెండో క్లాసుకొచ్చింది, మీరింకా రెండో చాప్టరు దాటలేదు" అంటుంది. మొదట్లో నవ్వుతూ అనేది. ఈమధ్య నవ్వడం మానేసింది.

ఆ రాసినవాణ్ణి పట్టుకుని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం. కానీ పట్టుకోవడం ఎలా? పాతికేళ్ల కిందట మూడంటే మూడు పేపర్లు రాసి పత్తా లేకుండా పోయాడు మహానుభావుడు. వాటి మీద ఉన్నది ఇంటిపేరూ, రెండు పొడి అక్షరాలూ, ఎప్పుడో మూతబడిన ఒక కాలేజీ చిరునామా. అంతే.

అతను వెతకని చోటు లేదు. వాటిని అచ్చేసిన పత్రిక ఆఫీసుకు రాశాడు. ఆ పేపర్ల గురించి తమ రివ్యూల్లో రాసినవాళ్లందరికీ రాశాడు. "అసలు పేపరు మేమూ చూడలేదండీ, ఇంకొకరి రివ్యూలోంచి దించుకున్నాం" అని కొందరు ఒప్పుకున్నారు. ఒకాయన ఆ మనిషి పోయాడన్నాడు. ఇంకొకాయన బతికే ఉన్నాడుగానీ ఎక్కడున్నాడో తెలీదన్నాడు. చిరునామా ఉన్న ప్రతి చోటికీ ఉత్తరం వేశాడు. వేసినవి వేసినట్టే తిరిగొచ్చాయి.

ఆరోజు తిరిగొచ్చిన కవరు పట్టుకుని, ఉసూరుమంటూ లైబ్రరీకి వచ్చి కూలబడ్డాడు.

"మళ్లీ వచ్చేసిందా తమ్ముడూ?"

కౌంటరు దగ్గర కూర్చునే లైబ్రరీ అక్క. ఏడేళ్లుగా అతని గోడు వినే మనిషి ఆమె ఒక్కతే. కళ్లద్దాలు తాడుకు వేలాడుతుంటాయి. వేళ్లకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది. అతను అడక్కుండానే ఆ పేపర్లున్న మూడు పత్రిక సంపుటాలూ బల్ల మీద సిద్ధంగా పెడుతుంది. బీరువాల నిండా అట్టలూడిన పుస్తకాలే అయినా, ఆ మూడింటికీ గట్టి అట్టలున్నాయి. తను రోజూ తీస్తానని అక్క జాగ్రత్త చేసిందనుకుని లోలోపల మురిసిపోయేవాడు.

"ఆ మనిషి దొరికితే ఏం అడుగుతావు?"

"ఒక్కటే ముక్క అక్కా. మొదట ఔనని, తర్వాత కాదని ఎందుకన్నావయ్యా అని."

అక్క ఒక పుస్తకం వీపుకు గుడ్డ అతికించి, అంచులు వేలితో నొక్కింది. తర్వాత, "మొదటిసారి ఎండాకాలంలో కొలిచి ఉంటారు. మూడోసారి వానల్లో. పేపర్లో నెల వేశారా?" అంది.

"లేదు."

"వెయ్యాల్సింది."

అంత దిగుల్లోనూ అతనికి నవ్వొచ్చింది. "ఇదేమన్నా బట్టలారేయడమా అక్కా, ఎండా వానా చూసుకోవడానికి?"

అక్క కూడా నవ్వింది. జిగురు డబ్బా మూత బిగించి, ఇంకో పుస్తకం అందుకుంది.

నెలాఖరు రానే వచ్చింది. అతను గైడు కాళ్లావేళ్లా పడ్డాడు. "కారణం దొరికిందా?" అన్నాడు గైడు. దొరకలేదు. వాళ్లు తీసేసేలోపు తనే మానుకుంటే కాస్త పరువైనా దక్కుతుందనుకున్నాడు. ఆ మాట భార్యకు ఫోన్లో చెబితే, ఆమె ఫోను పెట్టేసింది.

మానుకోవాలన్నా ఊరికే కుదరదు. నో డ్యూస్ ఫారం నింపాలి. ల్యాబ్, హాస్టల్, లైబ్రరీ... అందరి దగ్గరా బాకీ లేదనిపించుకోవాలి. రెండు చోట్ల సంతకాలయ్యాయి. చివరికి లైబ్రరీ మిగిలింది.

అక్క ఫారం రెండుసార్లు చదివింది.

"నిజంగానే వదిలేస్తున్నావా?"

"ఆ మనిషి దొరకలేదక్కా. దొరికుంటే ఈ గతి పట్టేది కాదు."

"నేనన్నది ఒక్కసారైనా చూశావా? ఎండాకాలం, వానాకాలం?"

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా, సంతకం పెట్టెయ్" అన్నాడు.

ఎప్పుడూ తారీఖు ముద్ర కొట్టి పంపేసే అక్క, ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని, పెన్ను తీసుకుని, రెండు ప్రతుల మీదా నిదానంగా సంతకం చేసింది. అతను చూడలేదు. కళ్ల నిండా నీళ్లతో ఆ మూడు సంపుటాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆఫీసు కిటికీలో గుమాస్తా రెండు ప్రతుల మీదా గుండ్రటి ముద్ర గుద్దాడు. "పేరు కొట్టేశామండీ. ఇక మళ్లీ చేరడానికి ఉండదు" అంటూ ఒక ప్రతి బయటికి తోశాడు.

అతను మెట్ల మీద కూర్చున్నాడు. ఏడేళ్లకు మిగిలిన కాగితం ఇదొక్కటే కదా అని మడత విప్పాడు.

లైబ్రరీ అని ఉన్న గడిలో, కాస్త జిగురు మరక పక్కన, అతను ఏడు నెలలుగా కవర్ల మీద రాసి పోస్టు చేస్తూ వచ్చిన ఆ ఇంటిపేరూ, ఆ రెండు పొడి అక్షరాలూ ఉన్నాయి.