వెంట్రుకవాసి

కడప రాళ్ల ఫ్యాక్టరీలో బండలు కోసే మిషనుకు ప్రోగ్రాం రాసింది నేను. పక్కనే హుస్సేన్ పీరా, బడి మొహం చూడని ముసలి కోతగాడు. కోసిన ప్రతి బండనూ టేపుతో కొలిచేవాడు. వెంట్రుకవాసి తగ్గితే తర్వాతి బండకు కలిపేవాడు.

"నువ్వు రోజంతా చేసే ఈ చాదస్తం నా ప్రోగ్రాంలో ఒక్క లైను," అన్నాను.

"కలపకుంటే కడాకు సందు పడతాది సార్," అన్నాడు.

ఇలాంటివాళ్లకు నచ్చజెప్పడం నా పని కాదు. పనికిరాడని ఓనరుతో చెప్పి గేటు కాపలాకు మార్పించాను. ప్రోగ్రాం ఇంకా వేగంగా నడవాలని దాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలర్‌లో వేగం సెట్టింగును చివరిదాకా పెంచాను.

వారానికే ఫిర్యాదొచ్చింది. కల్యాణ మండపంలో పరిచిన బండల వరుస చివర అంగుళం సందు.

"కసితో మిషను కెలికావు కదూ?" అని పీరాను అందరి ముందూ నిలదీశాను.

"నా చేతిలో గేటు తాళమొకటే ఉండాది సార్."

కంపైలర్ తయారుచేసిన కోడ్ తెరిచి చూశాను. దశాంశాలు కూడేటప్పుడు రాలిపోయే తునకను తర్వాతి కూడికలో కలిపే నా లైను అందులో లేదు. వేగం కోసం కంపైలర్ దాన్ని పనికిరానిదని తీసేసింది.

దానికెంత పొగరని తిట్టుకుంటూ బయటికొచ్చాను. గేటు దగ్గర పీరా లేచి నిలబడి సలాం చేశాడు.