అంచు లేని అయస్కాంతం

ఫ్యాక్టరీ మనిషి ఇవాసే గుద్దిన గుద్దుకు, అయస్కాంతానికి లెక్కలు కట్టిన ప్రొఫెసర్ ఒనోదెరా సెన్సే వెళ్లి కంప్యూటర్ మీద పడ్డాడు. ముక్కు నుంచి రక్తం కారి కీబోర్డు తడిసింది.

"ఎంత వేడెక్కినా ఈ అయస్కాంతం పట్టు వదలదన్నావు కదయ్యా సెన్సే! వదిలేసింది. అది ఎత్తిన ఇనప దిమ్మె కింద మా తమ్ముడి చెయ్యి నుజ్జునుజ్జయింది!"

"నా లెక్క తప్పదు. అణువు దగ్గర్నుంచి రేణువు దాకా అన్నీ చూశాను," అన్నాడు ఒనోదెరా.

"పట్టు సడలడం అయస్కాంతం మూల దగ్గర మొదలైంది. ఏదీ, ఆ మూల చూపించు!" ఇవాసే మళ్లీ పిడికిలెత్తాడు.

ఒనోదెరా తెర మీది అయస్కాంతం బొమ్మను కుడికి జరిపాడు. కుడివైపు దాటిపోయిన ముక్క ఎడమ నుంచి లోపలికొచ్చింది. పైకి జరిపాడు. కింది నుంచి వచ్చింది.

"లెక్క సులువవుతుందని..." అన్నాడు ఒనోదెరా. "దీనికి అంచే పెట్టలేదు. అంచు లేనిదానికి మూలెక్కడిది?"

ఇవాసే పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

"ఆగావేం?" అన్నాడు ఒనోదెరా, ముక్కు తుడుచుకోకుండానే. "కొట్టు."