గేటు దగ్గర చెంపదెబ్బ

చెంప ఛెళ్లుమంది.

జగన్మోహనరావు రైలు గేటు పక్కన కంకర మీద చతికిలపడ్డాడు. ఎదురుగా ఖాకీ చొక్కా ముసలాయన, కొట్టిన చెయ్యి ఇంకా దించకుండా నిలబడి ఉన్నాడు.

కంప్యూటర్ తెలిసినవాడల్లా విమానం ఎక్కుతున్న రోజులవి. జగన్మోహనరావునీ ఒక కంపెనీ అలాగే సింగపూర్ తెచ్చి, పని చూపించకుండా కూర్చోబెట్టింది. ఈ నెలాఖరులోగా ఏదో ఒక ఇంటర్వ్యూలో నెగ్గకపోతే వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. ఆ రోజు ఇంటర్వ్యూ జురాంగ్‌లో, గూడ్సు లైనుకి అవతలున్న ఫ్యాక్టరీలో.

పరుగున వచ్చేసరికి గేటు వేసి ఉంది.

అది చిన్న లైను. మనుషులెక్కే బండి దాని మీద నడవదు. ఫ్యాక్టరీలకి సిమెంటూ దుంగలూ చేరవేసే గూడ్సు ఒక్కటే తిరుగుతుంది, అదీ పెళ్లినడక. ఇంజను వెళ్లింది. పెట్టెలు ఒక్కొక్కటే ఊగుకుంటూ వెళ్లాయి. ఆఖరి పెట్టె కూడా మలుపు తిరిగింది. గేటు మాత్రం లేవలేదు.

బండి పోయాక ఇంకా దేనికని ముసలాయన్ని ఇంగ్లిషులో నిలదీశాడు. ఆయన ఉండమన్నట్టు చెయ్యి చూపించాడు, అంతే.

తెనాలిలో గేటు పడితే ఆగేదెవరు? సైకిలు వాలుస్తారు, తల వంచుతారు, అవతలికి పోతారు. జగన్మోహనరావు కాలేజీ చదువంతా అలాగే సాగింది. ఇక్కడా టై జేబులోకి దోపుకుని నడుం వంచాడు.

వెనక ముసలాయన ఏదో అరిచాడు. పట్టించుకోలేదు.

ముసలాయన కాలరు పట్టుకుని వెనక్కి ఒక్క లాగు లాగాడు. చొక్కా పర్రుమంది. ఆ వెంటనే చెంపదెబ్బ.

మలుపు అవతల కొన్ని పెట్టెలు వదిలేసి, ఇంజను మిగతావాటిని వెనక్కి నెట్టుకొస్తోంది. అవి పెద్దగా చప్పుడైనా లేకుండా గేటు దాటిపోయాయి.

జగన్మోహనరావు చూశాడు. చూసి కూడా, అవి వచ్చేలోపు తను అవతల ఉండేవాణ్ణనే అనుకున్నాడు. లాగితే లాగాడు, కొట్టడమేమిటి? ఎం.సి.ఎ. చదివినవాణ్ణి, టై కట్టుకున్నవాణ్ణి, నలుగురిలో చెయ్యి చేసుకుంటాడా? ఆగిన లారీలోంచి కూలీలు నవ్వుతుంటే తల కొట్టేసినట్టయింది.

పైగా ముసలాయన చేతులు గజగజ వణుకుతున్నాయి. పొద్దున్నే పూటుగా తాగి డ్యూటీకి వచ్చాడన్నమాట.

చిరిగిన చొక్కాతో, వాచిన చెంపతో వెళ్లినవాణ్ణి ఇంటర్వ్యూలో రెండే రెండు ప్రశ్నలడిగి పంపేశారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. గదిలో ఉండే హైదరాబాదు మొహ్సిన్ మాత్రం సంగతంతా విని, "పానం దక్కింది గద భాయ్, ఇడిచిపెట్టు" అన్నాడు.

"నీ చెంప మీద పడుంటే తెలిసేది," అన్నాడు జగన్మోహనరావు.

మర్నాడే తంజోంగ్ పగార్ స్టేషనుకి వెళ్లి, రైల్వే అధికారిని నిలబెట్టి కడిగేశాడు. తాగుబోతుల్ని గేట్ల దగ్గర పెట్టి జనాన్ని కొట్టిస్తున్నారా అన్నాడు. చిరిగిన చొక్కా బల్ల మీద పరిచాడు. అధికారి ఓపిగ్గా విని క్షమాపణ చెప్పాడు. కొద్దిరోజులకి ఫోను చేసి, ఆ మనిషి ఇక గేటు దగ్గర కనిపించడని మాటిచ్చాడు.

పోనీలే, ఈ దేశంలో న్యాయమనేది ఒకటి ఏడ్చింది అనుకున్నాడు జగన్మోహనరావు.

నెలాఖరు దగ్గరపడ్డాక ఉద్యోగమూ దొరికింది. అదీ ఆ గేటుకి అవతలే. మొదటిరోజు గేటు దగ్గర కావాలనే ఆగి చూశాడు. ముసలాయన లేడు. పక్కన గదిలో చక్రం తిప్పి గేటు దించుతున్న నడివయసు మనిషి ఉన్నాడు. దెబ్బ తిన్న రోజూ అతన్ని చూశాడు గానీ, ముసలాయనకి సహాయకుడనుకున్నాడు.

అతను జగన్మోహనరావుని గుర్తుపట్టి, తెలుగువారా అని తెలుగులోనే అడిగాడు. పేరు అప్పలస్వామి. తాతల కాలంలో విశాఖపట్నం నుంచి మలేషియా రబ్బరు తోటలకి వచ్చినవాళ్లట.

"ఆయన్ని ఉద్యోగంలోంచి పీకేశారా?" అన్నాడు జగన్మోహనరావు, సంతోషం దాచుకోకుండా.

"పీకడానికి ఆయన గేటుమేన్ కాడు బాబూ. గేటుమేన్ని నేను."

గేటుమేన్ కూడా కాదా? మరి ఏ హక్కుతో కొట్టాడు? జగన్మోహనరావుకి మళ్లీ ఒళ్లు మండింది.

అప్పలస్వామికి అంతకన్నా ఎక్కువ మండినట్టుంది. ఆయన పేరు బసవయ్య, మన తెలుగాయనే అన్నాడు. రైల్వేలో పని మానేసి కూడా రోజూ గూడ్సు వేళకి వచ్చి, గదిలోంచి కనబడని ఆ పక్కన కాపలా నిలబడేవాడట. ఎండైనా వానైనా వచ్చేవాడట. ఆఫీసువాళ్లు వచ్చి ఇటు అడుగుపెట్టొద్దంటే మారుమాట్లాడకుండా మలేషియా వెళ్లిపోయాడట.

"తాగీసొచ్చాడని చెప్పినారంట. ఆయనకి కల్లు వాసనే గిట్టదు బాబూ."

జగన్మోహనరావు తల దించుకున్నాడు. అసలు ఎందుకు నిలబడేవాడని మెల్లిగా అడిగాడు.

"రెండేళ్ల కిందట ఒక తెలుగు కుర్రోడు, తువాస్‌లో ఓడల పని సేసీవోడు, అచ్చం మీలాగే ఒంగి దూరీసినాడు. ఎనక్కొచ్చే పెట్టెల కింద పడిపోనాడు."

మలుపులోంచి వెనక్కొచ్చిన పెట్టెలు గేటు దాటేదాకా జగన్మోహనరావు వాటినే చూశాడు. "ఆయన కొడుకా?"

"కొడుకేటి, ఆయనకి పెళ్లే నేదు," అన్నాడు అప్పలస్వామి, చక్రం తిప్పి గేటు ఎత్తుతూ. "ఆ రోజు ఇంజను తోలినోడు ఆయనే."