కార్డుకు రాహుకాలం

"ఆ మీట నొక్కినావంటే నేను మెయిన్ ఆపేస్తా," అంది లలితాంబ.

భార్గవ వేలు కీబోర్డు మీదే ఆగిపోయింది. అవ్వ ఉత్తినే అనే మనిషి కాదు. కుర్చీ లాక్కుని మెయిన్ స్విచ్చు కిందే కూర్చుంది. ఒళ్ళో నానబెట్టిన అనపగింజల గిన్నె. ఒక్కో గింజా పితికి పప్పు తీస్తోంది. బాగేపల్లిలో సగం మందికి లెక్కలు నేర్పిన హెడ్‌మేడమ్. రిటైరయినా ఆ చూపు మాత్రం రిటైర్ కాలేదు.

"ఎందుకవ్వా?"

"రాహుకాలం నడుస్తాండాది. పన్నెండు దాటినాక చేసుకో."

భార్గవ తల పట్టుకున్నాడు. గదిమూలలో ఉన్న నల్లపెట్టె వాళ్ళ ఇంటి సర్వర్. దాని డిస్కులన్నీ ఒకే కార్డుకు తగిలించి ఉన్నాయి. నిన్న సిస్టం అప్‌డేట్ చేసినప్పటినుంచి ఆ కార్డుకు ఒక్క డిస్కూ కనబడటం లేదు. కార్డులో ఉన్న పాత ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం, తుడిచి కొత్తది రాస్తే తప్ప దారి లేదు.

ఆ డిస్కుల్లో ఉన్నది చెల్లెలు మేఘ థీసిస్. మిట్టేమరి, పాతపాళ్య పల్లెల్లో ముసలి రైతుల పక్కన కూర్చుని పాత విత్తనాల గురించి ఆమె రికార్డు చేసుకున్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి. సాయంత్రంలోగా బెంగళూరుకు పంపాలి. లేకుంటే ఈ ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

"అన్నా, వీటికి బ్యాకప్ యాడుండాది?" అని మేఘ నిన్ననే అడిగింది.

"ఇదే బ్యాకప్," అన్నాడు భార్గవ. అప్పటినుంచి ఆ పిల్ల అన్నతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడూ గడప దగ్గర ముఖం తిప్పుకుని నిలబడింది.

"అవ్వా, కంప్యూటరుకు రాహువేంది, కేతువేంది? రాసేటప్పుడు కరెంటు పోకుంటే చాలు," అన్నాడు భార్గవ.

"పోతే?"

"కార్డు చస్తాది. కొత్తది తెప్పించేకి వారం. యూపీఎస్ బ్యాటరీ పోయిన ఎండాకాలమే పాయ. కానీ కరెంటు పోదు. పోయేదుంటే కరెంటాఫీసు నుంచి ఫోనుకు మెసేజ్ వస్తాది. పొద్దున్నే చెప్తిని కదా, రాలేదని. మెసేజ్ లేనిదే నేను ఎవురి మాటా నమ్మను."

లలితాంబ ఏదో అనబోయి, ఒక గింజ పితికి ఊరుకుంది. తర్వాత తాపీగా చెయ్యి పైకెత్తి మెయిన్ స్విచ్చు మీద పెట్టింది.

"నీ ఇష్టమప్పా. నొక్కు, చూస్తాం."

ఆ ఇంట్లో పంచాంగం చూసేది ఆమె ఒక్కతే. రాహుకాలం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో భార్గవకు ఏనాడూ పట్టలేదు. పట్టినా లాభం లేదు. అవ్వ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అతను కుర్చీ వెనక్కి తోసి, చేతులు కట్టుకుని, లోలోపల అవ్వను, రాహువును కలిపి తిట్టుకుంటూ కూర్చున్నాడు.

అంతలో పైన ఫ్యాను నెమ్మదించి ఆగింది. సర్వర్ రొద ఆగింది. మానిటర్ నల్లబడింది. వీధిలో పిండిమర చప్పుడు కూడా ఆగిపోయింది.

లలితాంబ చెయ్యి మెయిన్ మీద లేదు. గిన్నెలో ఉంది.

భార్గవ నల్లబడిన మానిటర్ కేసి చూశాడు. ఇందాక మీట నొక్కి ఉంటే ఈపాటికి కార్డు సగం తుడిచి, సగం రాసి ఉండేది. దాన్ని తలుపు కదలకుండా పెట్టుకోవడానికి తప్ప దేనికీ వాడలేరు. మేఘ అన్నను చూసింది, అవ్వను చూసింది, వెళ్ళి తనూ గింజలు పితకడానికి కూర్చుంది.

పన్నెండు దాటాక ఫ్యాను తిరిగింది.

"ఇంక చేసుకో," అంది లలితాంబ.

భార్గవ పాత ఫర్మ్‌వేర్ తుడిచాడు. కొత్తది రాయమని మీట నొక్కాడు. తెరమీద గీత మెల్లగా ముందుకు పాకింది. సగం దాటి కాసేపు కదల్లేదు. మళ్ళీ కదిలింది. చివరికంటా పోయింది. సర్వర్ ఆపి మళ్ళీ వేశాడు.

ఒక డిస్కు పలికింది. ఇంకొకటి. తర్వాత వరసగా అన్నీ లేచి తెరమీద నిలబడ్డాయి. మేఘ పరుగున వచ్చి ఒక ఫైలు నొక్కింది. పాతపాళ్య రైతు లక్ష్మణప్ప గొంతు గది నిండా మోగింది. "కొర్రలు చల్లేది ఏ కార్తెలో తెలుసునామ్మా నీకు?"

మేఘ ఏడుస్తూ నవ్వింది. అన్న వీపు మీద రెండు గుద్దులు గుద్ది, అతన్ని క్షమించేసింది. యుద్ధం గెలిచి వచ్చినంత గర్వంగా ఉంది భార్గవకు. తిన్నగా పోయి అవ్వ కాళ్ళకు దండం పెట్టాడు.

"తప్పయిందవ్వా. ఇంకమీద రాహుకాలం చూడకుండా కీబోర్డు ముట్టను."

"రాహుకాలమూ లేదు, పాడూ లేదు," అంది లలితాంబ. "పొద్దున పాలకు పోయినప్పుడు లైన్‌మ్యాన్ గంగాధరప్ప చెప్పినాడు, స్తంభం మార్చేదుండాది మేడమ్, పన్నెండు దాకా లైను తీసేస్తామని. ఆ మాట చెప్తే నువ్వు వింటావా? నీకు మెసేజ్ రావల్ల కదా."

"అయితే నువ్వు చెప్పిన రాహుకాలం?" అన్నాడు భార్గవ.

లలితాంబ గింజల పొట్టు ఒడిలోంచి దులుపుకుని లేచింది.

"ఈ పొద్దు బుధవారమప్పా. పన్నెండు దాటినాక నువ్వు మీట నొక్కినావే, అప్పుడే వచ్చింది. ఇంకా పోలేదు."