మేకుకే ఉన్న మసిగుడ్డ

"ఆ మాయదారి జబ్బు నీకే అంటుకుంటే నేనేమైపోవాలే?" అన్నాను, చెప్పులైనా విప్పకముందే.

"రావద్దన్నానా లేదా? బస్సులెక్కొద్దని ఊరందరికీ నేను చెబుతుంటే, మా అమ్మే బస్సెక్కొచ్చింది!" అని మా అమ్మాయి తల పట్టుకుంది.

కొత్తగా బయటపడ్డ వైరస్ ఎవరి నుంచి ఎవరికి పాకిందో ఆరా తీసే శాస్త్రవేత్తల్లో అదొకతె. చీకటి పడ్డా జబ్బుపడ్డవాళ్లకు ఫోన్లు చేస్తూనే ఉంది. "ఎవరెవరిని కలిశారండీ? వేడి వస్తువు పట్టుకుంటే చేతికి తెలుస్తోందా? ఈ జబ్బులో ముందు పోయేది ఆ స్పర్శేనండీ." అవతలి మాటలు నాకు వినపడవు. ఒక్కో ఫోను తర్వాత దాని గొంతు ఇంకాస్త దిగిపోతోంది.

ఏమీ తినలేదని పాలు కాచాను. పొంగబోతుంటే గబుక్కున దించి, గిన్నెతోనే తెచ్చి బల్లమీద పెట్టాను. కింద ప్లాస్టిక్ గుడ్డ చుయ్యిమంది.

అది ఫోన్ పెట్టేసి, నా చేతులవంకే చూస్తూ ఉండిపోయింది.

"అలా చూస్తావేమే? నిజం చెప్పు, నీకు అంటుకుందా?"

గిన్నెలో పాల కుతకుత మెల్లగా ఆగిపోయింది. మసిగుడ్డ వంటింట్లో మేకుకే ఉంది. నా అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, నొప్పి మాత్రం లేదు. బస్సులో దారంతా నా ఒళ్లో నిద్రపోయిన చంటిది గుర్తొచ్చింది. ఎవరి బిడ్డో. నేను రాకుండా ఉండాల్సింది.

అది మళ్లీ ఫోన్ అందుకుంది.

"నాకు కాదమ్మా."